36వ వారం, బిడ్డ ఎదురుకాళ్లతో ఉంది: ఆపరేషన్ ఒక్కటే దారా?

మీరు రాసింది క్లుప్తంగా ఇది. తొలిచూలు, 36 వారాల 1 రోజు. నిన్నటి స్కాన్‌లో బిడ్డ తల పైకి, పిర్రలు కిందికి ఉన్నాయి. రిపోర్టులో ‘ఎక్స్‌టెండెడ్ బ్రీచ్’ అని ఉంది, అంటే పిర్రలు కిందికి, కాళ్లు మొహం వైపుకి చాపుకుని ఉండటం. బరువు సుమారు 2.6 కిలోలు, ఉమ్మనీరు సరిపడా ఉంది, మీ బ్లడ్ గ్రూప్ బి నెగటివ్. డాక్టరు 38వ వారంలో ఆపరేషన్‌కి మంచిరోజు చూసుకోమన్నారు. మీ అత్తగారేమో ఊళ్లో ఒక పెద్దావిడ కడుపు రుద్ది బిడ్డను సరిచేస్తుందంటున్నారు. ఎవరి మాట వినాలి, నార్మల్ కాన్పుకి ఇంకా వీలుందా అని అడిగారు.

ముందు జవాబు చెప్పేస్తాను. వీలుంది. డాక్టరు పొట్ట మీద చేతులు పెట్టి బయటి నుంచే బిడ్డను తిప్పే పద్ధతి ఒకటుంది. మీరు రాసిన వివరాల్లో దానికి అడ్డం వచ్చేదేమీ నాకు కనిపించలేదు. అడగాల్సింది ఈ వారంలోనే. తిరిగితే మామూలుగా నొప్పుల కోసం ఎదురుచూడొచ్చు. తిరగకపోతే ఆపరేషన్. అదీ వేరే తొందర ఏదీ లేకపోతే 38లో కాదు, 39 వారాలు నిండాక. ఎదురుకాళ్లతోనే కింద నుంచి కాన్పు కావడం మూడో దారి, అలాంటి కాన్పులు చేసి అలవాటున్న చేతులు దొరికితేనే. రుద్దించుకోవడం మాత్రం వద్దే వద్దు.

నేను ఇరవై ఆరేళ్లుగా కాన్పులు చేస్తున్నాను. మొదట ప్రభుత్వాసుపత్రిలో, తర్వాత జిల్లా కేంద్రంలో ఒక చిన్న ఆసుపత్రిలో. మిమ్మల్ని నేను చూడలేదు కాబట్టి ఇక్కడ రాసేదంతా మీ డాక్టరుతో కూర్చుని మాట్లాడటానికి పనికొచ్చే సరంజామా అనుకోండి.

ఇందులో మీ తప్పేమీ లేదు. బండెక్కినందుకు కాదు, గ్రహణం రోజు బయటికి వచ్చినందుకు కాదు, రాత్రి లేచి కూర్చోకుండా పక్క మారినందుకు అసలే కాదు. 28 వారాల దగ్గర నలుగురైదుగురిలో ఒకరి బిడ్డ ఇలాగే ఉంటుంది. నెలలు నిండేసరికి చాలామంది తిరిగిపోతారు, వందకి ముగ్గురు నలుగురు మిగులుతారు. ఉమ్మనీరు మరీ ఎక్కువైనా, తక్కువైనా, గర్భసంచిలో గడ్డలున్నా, దాని ఆకారంలో తేడా ఉన్నా, మాయ కిందికి ఉన్నా బిడ్డ తిరగకపోవచ్చు. ఎక్కువమందిలో ఈ కారణాలేవీ ఉండవు. తొలిచూలులో పొట్ట కండరాలు బిగువుగా ఉంటాయి. పైగా మీ బిడ్డలా కాళ్లు రెండూ మొహం దాకా చాపుకుని కూర్చుంటే, విరిగిన చేతికి కట్టిన బద్దలా ఆ కాళ్లే నడుం వంగనివ్వవు. ఇక పల్టీ కొట్టడం ఎలా?

మీరు స్కాన్ చేయించుకోవడం మంచిదైంది. నా పొరపాటు ఒకటి చెబుతాను. ప్రాక్టీసు మొదట్లో ఒకావిడకి 37వ వారంలో చేత్తో పొట్ట చూసి ‘తల కిందికే ఉంది’ అని కార్డు మీద రాసేశాను. ఆవిడ నాలుగుసార్లు చెప్పింది, ‘మేడమ్, తన్నులు కింద మూత్రసంచి దగ్గర తెలుస్తున్నాయి, పైన పక్కటెముకల కింద ఏదో గట్టిగా గుండ్రంగా ఒత్తుతోంది’ అని. నేను వినలేదు. నొప్పులతో వచ్చినప్పుడు లోపల పరీక్ష చేస్తే వేలికి మెత్తగా తగిలింది, వేలికి నల్లగా మలం అంటింది. అంటే నేను తల అనుకున్నది పిర్రలు. బిడ్డా తల్లీ బాగానే బయటపడ్డారు గానీ, ఆ రోజు నుంచి 36వ వారంలో ప్రతి మనిషికీ అనుమానం ఉన్నా లేకపోయినా ఒకసారి స్కాన్ ప్రోబ్ పెట్టి చూస్తాను.

తిప్పడం అంటే ఏం చేస్తారు

దీన్ని ఈసీవీ అంటారు. మీ డాక్టరు దగ్గర ఈ మూడక్షరాలు అంటే చాలు. తొలిచూలైతే 36 వారాల నుంచి, అంతకుముందు కాన్పు అయినవాళ్లకి 37 నుంచి చేస్తారు. అంతకన్నా ముందు చేస్తే బిడ్డ మళ్లీ వెనక్కి తిరిగే వీలు ఎక్కువ. ఆలస్యమైతే బిడ్డ పెద్దదై, నీరు తగ్గి, పిర్రలు కటిలో దిగబడిపోతాయి.

మా దగ్గర ఎలా చేస్తామో చెబుతాను. మూత్రానికి వెళ్లి రమ్మంటాం. మళ్లీ ఒకసారి స్కాన్: బిడ్డ ఇంకా అలాగే ఉందా, వెన్ను ఎటుంది, మాయ ఎక్కడుంది. తర్వాత ఇరవై నిమిషాలో అరగంటో పొట్టకి బెల్టులు కట్టి బిడ్డ గుండె గ్రాఫు తీస్తాం. గర్భసంచి వదులవడానికి టెర్బ్యుటలిన్ ఇంజెక్షన్ చర్మం కింద ఇస్తాం. కాసేపటికి మీ గుండె దడదడలాడుతుంది, చేతులు సన్నగా వణుకుతాయి. అది మందు వల్ల, భయపడక్కర్లేదు. పొట్ట మీద జెల్ రాసి, మిమ్మల్ని కొద్దిగా పక్కకి ఒరిగేలా పడుకోబెట్టి పని మొదలుపెడతాం.

బలమంతా మొదటి పనిలోనే ఉంది. రెండు చేతుల వేళ్లు పొత్తికడుపు అడుగున ముందుండే ఎముక పైన లోతుకి దించి, బిడ్డ పిర్రల్ని కటిలోంచి పైకి తేల్చాలి. అక్కడే తల్లికి నొప్పి. పిర్రలు పైకి లేచాయంటే సగం పని అయినట్టే. ఒక చేయి వాటిని పక్కకి నెడుతుంటే రెండో చేయి తలను దాని ముక్కు చూసే వైపుకి వంచుతూ దించుతుంది. బిడ్డ నెమ్మదిగా ముందుకి పల్టీ కొడుతుంది. బిడ్డ అడ్డంగా వచ్చిన చోట ఒక్క క్షణం ఆగిపోయినట్టు ఉంటుంది. ఆ తర్వాత నా చేతుల కింద ఏదో జారిపోతుంది, పొట్ట ఆకారమే మారిపోతుంది. పక్కన నిలబడ్డ భర్తలు ‘అయ్యో’ అనేది అక్కడే. అంతా కలిపి అయిదు నిమిషాలు. పదికి మించి నేను ప్రయత్నించను. మధ్యమధ్యలో ఆగి గుండె చూస్తాం. మీరు ‘చాలు’ అంటే అక్కడితో ఆపేస్తాం, అది మొదలుపెట్టే ముందే చెప్పుకుని చేస్తాం. తర్వాత మళ్లీ గ్రాఫు. అన్నీ బాగుంటే సాయంత్రానికి ఇల్లు చేరతారు.

మీకు ప్రత్యేకంగా ఒక మాట. నెగటివ్ గ్రూప్ వాళ్లకి దీని తర్వాత యాంటీ-డి (బిడ్డ పాజిటివ్ రక్తానికి ఎదురు తిరిగే పదార్థాలు మీ ఒంట్లో తయారవకుండా ఆపే మందు) ఇంజెక్షన్ తప్పనిసరి. 28వ వారంలో వేశారుగా అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. తిప్పేటప్పుడు బిడ్డ రక్తం కాస్త మీ రక్తంలో కలిసే వీలుంది, దీనికి మళ్లీ వేయాలి.

ఎంతమందికి తిరుగుతుంది? సగంమందికి. తొలిచూలులో వందకి నలభై, మలిచూలులో అరవై అని లండన్‌లోని ప్రసూతి వైద్యుల రాయల్ కాలేజీ వాళ్ల మార్గదర్శకాలు చెబుతాయి, నా అనుభవమూ దానికి దగ్గర్లోనే ఉంది. మాయ ముందు గోడకి ఉన్నా, పొట్ట బిగువుగా ఉన్నా, మీ బిడ్డలా కాళ్లు చాపుకుని ఉన్నా అవకాశం కాస్త తగ్గుతుంది. తిరిగినవాళ్లలో మళ్లీ మొదటికొచ్చేది వందకి అయిదుగురి లోపే. ప్రమాదం మాట కూడా దాచను. రెండు వందల మందిలో ఒకరికి బిడ్డ గుండె తగ్గి కోలుకోకపోవడమో, రక్తస్రావమో అయి వెంటనే ఆపరేషన్ చేయాల్సి వస్తుంది. అందుకే దీన్ని థియేటరూ మత్తు డాక్టరూ చేతికందే దూరంలో ఉన్నచోటే చేస్తారు, క్లినిక్ గదిలో కాదు.

మాయ కిందికి ఉన్నా, ఈ మధ్య రక్తం కనిపించినా, ఉమ్మనీరు పోయినా, కవలలైనా, గ్రాఫు బాగోకపోయినా, గర్భసంచి ఆకారంలో పెద్ద తేడా ఉన్నా తిప్పం. ఇంతకుముందు ఒక ఆపరేషన్ అయినవాళ్లకి కుదరనే కుదరదని చాలామంది అంటారు, అది నిజం కాదు. కుట్టు ఎలాంటిదో చూసి, మాట్లాడుకుని చేయొచ్చు.

రెండు కేసులు చెబుతాను. ఒకరు బడిలో టీచరు, మలిచూలు, 37 వారాలు. భయంతో భర్త చేయి వదల్లేదు. నేను జెల్ రాసి పిర్రలు లేపీ లేపగానే బిడ్డ తనే తిరిగిపోయింది, నిమిషం కూడా పట్టలేదు. ‘అయిపోయిందా, ఇంకా మొదలుపెట్టలేదనుకున్నానే’ అంది. పద్దెనిమిది రోజులకి మామూలుగా కాన్పయింది. ఇంకొకరు తొలిచూలు, మీలాగే కాళ్లు చాపుకున్న బిడ్డ. రెండుసార్లు ప్రయత్నించాను. రెండోసారి బిడ్డ అడ్డం దాకా వచ్చి గుండె 140 నుంచి 80కి పడిపోయింది. చేతులు తీసేసి, ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాం. రెండు నిమిషాలకి మళ్లీ 140. ఆ రెండు నిమిషాలు ఆ గదిలో ఎవరూ మాట్లాడలేదు. మూడో ప్రయత్నం చేయలేదు. 39వ వారంలో ఆపరేషన్ చేశాం. ఆవిడ నన్ను తిట్టలేదు సరికదా, ‘అడగకుండా ఆపరేషన్ అయ్యుంటే మనసులో పీకుతూ ఉండేది’ అంది.

ఇంట్లో చేసేవి

మోకాళ్ల మీద బోర్లా వంగి పిర్రలు పైకెత్తడం, పొట్ట పైన ఐసు, కింద టార్చిలైటు, పాటలు. వీటిలో హాని లేదు, ఫలితం ఉందనడానికి రుజువూ లేదు. మోకాళ్ల భంగిమ వేస్తే వేయండి, తల తిరిగితే ఆపేయండి. చైనా వైద్యంలో కాలి చిటికెన వేలి దగ్గర మూలికను కాల్చి వేడి చూపించే పద్ధతి ఉంది. శిక్షణ ఉన్నవాళ్లు 33 నుంచి 35 వారాల మధ్య చేస్తే చేయొచ్చంటారు, మీకు ఆ సమయం దాటింది. వీటిలో దేని కోసమూ ఈసీవీని వాయిదా వేయకండి.

పెద్దావిడ రుద్దే సంగతి. ‘డాక్టరు చేసేదీ అదేగా’ అని మీ అత్తగారు అడిగితే తేడా చెప్పండి. మేము మాయ ఎక్కడుందో చూసి, గుండె వింటూ, పక్కన థియేటరు పెట్టుకుని చేస్తాం. ఆవిడకి ఇవేవీ లేవు. రుద్దుడికి మాయ విడిపోతే లోపల రక్తం పోతుంటుంది, బయటికి చుక్క కూడా కనిపించకపోవచ్చు. ఆ పెద్దావిడ మీద నాకేమీ చులకన లేదు. మంత్రసానుల నుంచి నేను నేర్చుకున్నవి ఉన్నాయి. కానీ ఇది కాదు.

తిరగకపోతే కింద నుంచి కాన్పు కుదరదా?

కుదురుతుంది. మా అమ్మమ్మల కాలంలో అలాగే అయ్యేవి. నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తొక్కించుకోవడం మనవాళ్ల అలవాటు కదా, అంటే ఊరికొకరిద్దరు అలా పుట్టి బతికినవాళ్లు ఉండేవాళ్లన్నమాట. పుట్టీ పుట్టకముందే పోయినవాళ్ల లెక్క ఎవరూ రాయలేదు.

చిక్కు ఎక్కడంటే, మామూలు కాన్పులో అన్నిటికన్నా పెద్దదైన తల ముందు వచ్చి దారి చేస్తుంది. ఇక్కడ అది చివర వస్తుంది. ఒళ్లు వచ్చేశాక తల ఇరుక్కుంటే చేతిలో ఉండేది కొద్ది నిమిషాలు. అప్పటికే బొడ్డుతాడు నలుగుతూ ఉంటుంది.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, రాత్రి రెండు దాటింది. మలిచూలు మనిషిని ఆటోలోంచి దింపారు. టేబుల్ ఎక్కించేసరికే బిడ్డ పిర్రలు కనిపిస్తున్నాయి. థియేటరు సిద్ధం చేసే టైం లేదు. నా చేయి దానంతటదే ముందుకు పోయింది. మా సీనియర్ నర్సు మణికట్టు పట్టుకుని ఆపి, ‘లాగొద్దు మేడమ్, రానివ్వండి’ అంది. ఈ కాన్పులో నేర్చుకోవాల్సింది చాలావరకు ఆ మాటలోనే ఉంది. లాగితే బిడ్డ చేతులు తల పక్కకి పైకి పోతాయి, గడ్డం లేచిపోతుంది, తల అడ్డం పడుతుంది. చేతులు కట్టుకుని నిలబడ్డాం. తల్లి ముక్కుతుంటే బొడ్డు దాకా బిడ్డ తనే వచ్చింది. ఒక చేయి లోపల చిక్కుకుంది. తొడల పైన ఎముకల దగ్గర పట్టుకుని అరచుట్టు తిప్పితే జారి వచ్చింది. చివరికి తల: బిడ్డను గుర్రం ఎక్కించినట్టు నా ముంజేతి మీద పడుకోబెట్టి, రెండు వేళ్లు చెంప ఎముకల మీద, రెండో చేతి వేలు తల వెనక పెట్టి, గడ్డం ఛాతీకి ఆనేలా వంచి తీశాను. బిడ్డ ఏడవడానికి ఒక నిమిషం పట్టింది. మా నర్సు అప్పటికే టీ చెప్పడానికి వెళ్లింది.

ఇలాంటి చేతులు ఇప్పుడు ఎందుకు తక్కువయ్యాయంటే, 2000లో టర్మ్ బ్రీచ్ ట్రయల్ అనే పెద్ద అధ్యయనం వచ్చింది. 26 దేశాల్లో 2,088 మంది. ముందే అనుకుని ఆపరేషన్ చేసినవాళ్లలో బిడ్డ చనిపోవడం, తీవ్రంగా దెబ్బతినడం వందకి 1.6 అయితే, కింద నుంచి ప్రయత్నించినవాళ్లలో 5. దాంతో ప్రపంచమంతా ఒక్కసారిగా ఆపరేషన్ వైపు తిరిగింది. తర్వాత అదే పిల్లల్లో కొందరిని రెండేళ్ల వయసులో చూస్తే ఎదుగుదలలో తేడా కనిపించలేదు. 2006లో ఫ్రాన్స్, బెల్జియంల అధ్యయనం జాగ్రత్తగా ఎంచుకున్నవాళ్లలో, అలవాటున్న చోట్ల పెద్ద తేడా లేదంది. కానీ అప్పటికే ఒక తరం డాక్టర్లు ఈ కాన్పు చూడకుండానే చదువు ముగించేశారు. ఇప్పటి అంచనాలు ఇలా ఉన్నాయి: బిడ్డ ప్రాణానికి ముప్పు 39 వారాల తర్వాత ఆపరేషన్‌లో పదివేలకి 5, ఎదురుకాళ్లతో కింద నుంచి ప్రయత్నిస్తే 20, తల కిందికున్న మామూలు కాన్పులో 10.

కాబట్టి నా అభిప్రాయం సూటిగా: బిడ్డ పిర్రల మీద కూర్చుని, మెడ వెనక్కి విరుచుకోకుండా, మరీ చిన్నదీ 3.8 కిలోలు దాటిందీ కాకుండా ఉండి, ఆ ఆసుపత్రిలో ఈ కాన్పులు మామూలుగా చేస్తుంటే ఆలోచించండి. ‘మీ దగ్గర పోయిన ఏడాది ఎన్ని చేశారు?’ అని అడగండి. జవాబు నీళ్లు నములుతూ వస్తే అక్కడ వద్దు. పాదాలు ముందు వచ్చే రకమైతే ఎక్కడా వద్దు, బొడ్డుతాడు జారే ప్రమాదం చాలా ఎక్కువ.

ఆపరేషన్ అయితే

ఓడిపోయినట్టు కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో వందకి దాదాపు 61, ఆంధ్రప్రదేశ్‌లో 42 కాన్పులు ఆపరేషన్లే. అందులో అక్కర్లేనివి బోలెడు ఉన్నాయని నేనే చాలాచోట్ల గొడవ పడ్డాను. తిరగని బ్రీచ్‌కి చేసేది వాటిలోకి రాదు. కాకపోతే మొదటి కోత రెండో కాన్పుని కూడా మారుస్తుంది, అందుకే ముందు తిప్పి చూడమంటున్నాను.

ముహూర్తం చూసుకోండి, నాకేం అభ్యంతరం లేదు, 39 నిండాక చూసుకోండి. 37, 38లో తీసిన బిడ్డల్లో కొందరికి ఊపిరి ఇబ్బందై ఐసీయూలో పెట్టాల్సి వస్తుంది. ఆపరేషన్ రోజు పొద్దున్న మరోసారి స్కాన్ చేయమని అడగండి. తొలిచూలులో 36 దాటాక కూడా వందకి ఎనిమిది మంది బిడ్డలు వాళ్లంతట వాళ్లే తిరుగుతారు. బట్టలు మార్చుకుని థియేటరు గుమ్మం దగ్గర నుంచి ఇంటికి వెళ్లినవాళ్లు నా దగ్గర ఇద్దరున్నారు.

ఈలోగా నీరు పోతే, నొప్పులొస్తే భోజనం, స్నానం, కారు ఎవరిదనే చర్చ ఏమీ వద్దు. నేరుగా ఆసుపత్రికి, ‘బ్రీచ్’ అని గేటు దగ్గరే చెప్పండి. కింద బొడ్డుతాడు తగిలినా, కనిపించినా మోకాళ్ల మీద వంగి తల కిందికి, పిర్రలు పైకి పెట్టి ఉండండి, తాడుని ముట్టుకోవద్దు, 108కి ఫోన్ చేయించండి. మీరున్న ఇంటి నుంచి థియేటరున్న ఆసుపత్రికి గంటకి మించి పడితే 38వ వారం నుంచి దగ్గర్లో ఎవరింట్లోనైనా ఉండటం మేలు.

పుట్టాక దీన్ని చాలామంది మర్చిపోతారు. తిప్పినా, ఆపరేషన్ అయినా, చివరి వారాల్లో ఎదురుకాళ్లతో ఉన్న పిల్లలకి తుంటి కీలు సరిగ్గా కూర్చోకపోయే అవకాశం ఎక్కువ. ఆరు వారాలకి తుంటి స్కాన్ చేయించండి. మొదట్లో కొన్నాళ్లు కాళ్లు మొహం వైపుకే లేస్తుంటాయి, అవే దిగుతాయి. స్నానం పోసేటప్పుడు కాళ్లు చాపి లాగి ‘సరిచేయనివ్వకండి’. కాళ్లు కర్రల్లా కలిపి గట్టిగా చుట్టొద్దు, కప్పలా ముడుచుకునే వీలుండాలి. అత్తగారికి ముందే చెప్పి ఉంచండి, నూనె చేతిలోకి తీసుకున్నాక ఎవరూ వినరు.

మీ రిపోర్టులో మాయ ముందు గోడకుందా, వెనక గోడకుందా అన్నది మీరు రాయలేదు. చూసి చెప్పండి, మీ విషయంలో తిరిగే వీలు ఎంతో ఇంకాస్త స్పష్టంగా రాస్తాను.